చర్మం గిల్లుకునే అలవాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

చర్మం గిల్లుకునే అలవాటు గురించి నాతో మాట్లాడేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఒకటే: "ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు." ఆ తర్వాత అడిగే సందేహాలు కూడా ఇంచుమించు అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. పద్నాలుగో ఏట మొటిమలతో మొదలై ముప్పై దాటేదాకా నా గడ్డం, భుజాలు, బొటనవేళ్ల పక్కన తోలు నా చేతుల్లోనే నలిగాయి. నేను డాక్టర్ని కాదు. ఈ బాధ పడినదాన్ని, దీని గురించి చదివినదాన్ని, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదాన్ని. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఏదో వెతుక్కుని అక్కడే చదవండి.

## ఇదేమిటో అర్థం కానప్పుడు

ఇది జబ్బా, ఊరికే పాడలవాటా?

మొటిమ నొక్కడం, పుండు మీద పక్కు పీకడం ఎప్పుడో ఒకప్పుడు అందరూ చేసేదే. దాన్ని జబ్బు అనరు. పుండ్లు పడేదాకా మళ్లీ మళ్లీ గిల్లడం, ఆపాలని ఎన్నోసార్లు ప్రయత్నించీ ఆపలేకపోవడం, దానివల్ల కుమిలిపోవడం, చదువో ఉద్యోగమో నలుగురితో కలవడమో దెబ్బతినడం ఉంటే అది వైద్యం అవసరమైన సమస్య. దాని పేరు ఎక్స్‌కోరియేషన్ డిజార్డర్. డెర్మటిల్లోమేనియా అన్నా ఇదే. ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లండ్ చర్మవైద్యుడు 1875లోనే దీని గురించి రాశాడు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల మానసిక సమస్యల జాబితాలో మాత్రం దీనికి సొంత పేరు దక్కింది 2013లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఇప్పుడు జుట్టు పీక్కునే సమస్య పక్కనే దీనికి చోటుంది. పేరు పెట్టడానికే ఇన్నేళ్లు పట్టింది కాబట్టి, చిన్నప్పుడు మిమ్మల్ని చూసిన డాక్టర్‌కి దీని సంగతి తెలియకపోయి ఉండొచ్చు.

నాకు తప్ప ఇంకెవరికీ ఇలా ఉండదేమో?

సర్వేల లెక్కలు కాస్త అటూ ఇటూగా ఉన్నా, నూటికి కనీసం ఒకరిద్దరికి ఇది ఉంటుందని తేలింది. చికిత్సకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. చాలామందికి యుక్తవయసులో, మొటిమలతో పాటే మొదలవుతుంది. పెద్దయ్యాక మొదలైనవాళ్లూ ఉన్నారు. మీకు ఇంకెవరూ కనబడకపోవడానికి కారణం అందరూ దాచుకోవడమే. ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా, ఎప్పుడూ ఏదో ఒక వేలికి ప్లాస్టర్, ఫొటో అనగానే ఒకే పక్కకు తిరిగే ముఖం. నేను ఇవన్నీ చేశాను కాబట్టి ఇప్పుడు ఎదుటివాళ్లలో చటుక్కున గుర్తుపడతాను.

నన్ను నేను గాయపరచుకుంటున్నానా? నాకు భయంగా ఉంది.

చాలామంది విషయంలో కాదు. గిల్లేవాళ్ల ఉద్దేశం చర్మాన్ని నున్నగా చేసుకోవాలని, లోపల ఉన్నదేదో బయటికి తీసేయాలని. గాయం కావాలని ఎవరూ మొదలుపెట్టరు. చివరికి గాయం మిగులుతుంది. నొప్పి కోసమే, నన్ను నేను శిక్షించుకోవాలనే చేస్తున్నాను అనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, దానికి వేరే సాయం కావాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇవాళే, ఇప్పుడే, నమ్మకమైన మనిషికి చెప్పండి, దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు చర్మం సంగతి తర్వాత.

ఇది ఓసీడీయేనా?

చుట్టరికం ఉంది, రెండూ ఒకటి కాదు. ఓసీడీ అంటే వద్దన్నా వదలని ఆలోచనలతో ఒకే పనిని పదే పదే చేయించే మానసిక సమస్య. అందులో ముందు ఒక భయం పుడుతుంది: చేతులకు క్రిములున్నాయేమో, తలుపు వేయలేదేమో. ఆ భయం తగ్గడానికి కడగడమో, తిరిగి చూడడమో చేస్తారు. గిల్లడంలో అలాంటి ఆలోచన ఏదీ లేకుండానే చెయ్యి కదలొచ్చు, పైగా పొక్కు ఊడి వచ్చిన క్షణంలో హాయిగా ఉంటుంది. ఓసీడీలో ఆ హాయి ఉండదు. చికిత్స కూడా వేరు కాబట్టే ఈ తేడా తెలియాలి.

చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు ఉంటే తీస్తున్నాను. ఇదీ అదేనా?

కాకపోవచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. గజ్జి వల్ల నిజంగానే విపరీతమైన దురద పుడుతుంది. కొన్ని మత్తుపదార్థాలు చర్మం కింద ఏదో పాకుతున్న భ్రమ కలిగిస్తాయి. లోపల పురుగులున్నాయని గట్టిగా నమ్మడం ఇంకో మానసిక సమస్య. వీటికి మందులు వేర్వేరు.

## ఎందుకు ఆగడం లేదో తెలియనప్పుడు

వద్దు వద్దనుకుంటూనే గిల్లేస్తాను. నాకు విల్ పవర్ లేదా?

ఈ మాట అనుకోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. తెల్లవారుజామున లేచి చదివినవాళ్లు, ఇంటి బరువంతా మోసేవాళ్లు కూడా ఇదే అంటారు. వాళ్లకు పట్టుదల లేదంటే ఎలా నమ్మను?

చెయ్యి ఎలా వెళుతుందో దగ్గర్నుంచి చూడండి. ఏదో పనిలో ఉన్నారు. వేలి కొస దవడ వెంట నెమ్మదిగా పాకుతుంది. చర్మం నున్నగా ఉన్నచోట ఆగదు. చిన్న గరుకు తగలగానే ఆగిపోతుంది. ఇక ఆ గరుకు తప్ప ఇంకేమీ గుర్తుండదు. గోరు దాని అంచు కింద దూరేదాకా ఒంట్లో ఒక బిగువు. అది ఊడి రాగానే ఆ బిగువు వదులుతుంది. ఆ ఒక్క క్షణం ఊరటను మెదడు గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. రేపు అక్కడే పక్కు కడుతుంది, పక్కుకి మళ్లీ అంచు ఉంటుంది, వేలికి మళ్లీ అది తగులుతుంది. ఇవాళ్టి పుండే రేపటికి ఎర. ఈ చక్రం తిరుగుతున్నంతకాలం తిట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే తిట్టుకున్నాక వచ్చే దిగులు మళ్లీ చేతిని అక్కడికే పంపిస్తుంది. చక్రాన్ని ఏదో ఒకచోట విరగ్గొట్టాలి. వేలికి గరుకు తగలకుండా చేయొచ్చు, చేతికి వేరే పని ఇవ్వొచ్చు, లేదా ఆ బిగువు దానంతటది దిగేదాకా కూర్చోవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టానో కూడా తెలియడం లేదు. తెలియకుండానే జరుగుతుందా?

జరుగుతుంది. చదువుతున్నప్పుడు, ఫోన్ చూస్తున్నప్పుడు, డ్రైవింగ్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెయ్యి తనంతట తాను పనిచేస్తుంది. వేలికి తడి తగిలితేనో రక్తం కనిపిస్తేనో తెలుస్తుంది. రెండో రకం పూర్తి తెలివితో చేసేది: అద్దం ముందు నిలబడి, లైటు వేసుకుని, వెతికి వెతికి గిల్లడం. చాలామందిలో రెండూ ఉంటాయి. తెలియకుండా జరిగేదానికి వేళ్లకు ప్లాస్టర్, చేతికి చప్పుడు చేసే గాజు లాంటివి బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ కావాల్సింది మెలకువ. కావాలని చేసేదానికి ఆ ముందు క్షణంలో మనసు ఎలా ఉందో పట్టుకోవాలి.

నాకు టెన్షనే లేదు, అయినా గిల్లుతున్నాను. మరి కారణం ఏమిటి?

టెన్షన్ ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. ఏమీ తోచకపోవడం, బాగా అలిసిపోవడం, మొదలుపెట్టాల్సిన పనిని వాయిదా వేయడం, ఇవన్నీ చేతిని పిలుస్తాయి. నాకైతే ఆందోళనగా ఉన్న రోజులకంటే నిద్ర చాలని రాత్రులే ఎక్కువ నష్టం చేశాయి. కొంతమందికి చర్మం మీద ఎగుడుదిగుడు తగలడమే చాలు. శ్రద్ధ నిలవని సమస్యకు ఇచ్చే కొన్ని ఉత్తేజక మందులు కూడా గిల్లడాన్ని పెంచొచ్చు. ఆ మందు మొదలుపెట్టాకే ఎక్కువైందనిపిస్తే మీరే ఆపేయకుండా, రాసిన డాక్టర్‌కి చెప్పండి.

మా అమ్మకీ ఉంది. నాకు వంశపారంపర్యంగా వచ్చిందా?

కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కవలల మీద చేసిన పరిశోధనల్లో కూడా జన్యువుల పాత్ర ఉందని తేలింది. అయితే అవి పూర్తి కారణం కాదు, వచ్చింది కాబట్టి పోదనీ కాదు. మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడి చూడండి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు ఇరవై ఏళ్లు దాచుకున్నవాళ్లు నాకు తెలుసు.

## ఆపడం మొదలుపెట్టేటప్పుడు

ఇవాళ్టి నుంచి మళ్లీ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంటే?

పెట్టుకోకండి. మూడో రోజో నాలుగో రోజో ఒక్కటి గిల్లుతారు, ఒట్టు ఎలాగూ పోయింది కదా అని ముఖమంతా గిల్లేస్తారు. నేను ప్రతి కొత్త సంవత్సరానికీ, ప్రతి పుట్టినరోజుకీ పెట్టుకున్నాను. ఒక్కటీ వారం దాటలేదు. ఒట్టుకు బదులు ఒకే ఒక్క చోటు, ఒకే ఒక్క సమయం ఎంచుకోండి: "రాత్రి పళ్లు తోముకున్నాక అద్దం ముందు నిలబడను." అది నిలిచాక ఇంకోటి.

మరి మొట్టమొదట ఏం చేయాలి?

ఒక వారం ఏదీ మానకండి, రాయండి చాలు. గిల్లిన ప్రతిసారీ ఒక్క లైను: ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను, వేలికి ఏం తగిలింది, అప్పుడు మనసులో ఏముంది, ఎంతసేపు. నా పుస్తకంలో ఒక లైను ఇలా ఉండేది: "రాత్రి 11:20. మంచం మీద ఫోన్. ఎడమ భుజం, గరుకు. రేపటి మీటింగ్ గుర్తొచ్చింది. 25 నిమిషాలు." ఇలాంటివి ఇరవై ముప్పై పోగయ్యాక చూస్తే, రోజంతా గిల్లుతున్నానని అనుకున్నది నిజానికి రెండు మూడు చోట్ల, రెండు మూడు వేళల్లో జరుగుతోందని తెలుస్తుంది. వాటి మీద పనిచేయొచ్చు. రాయడం మొదలుపెట్టగానే కొందరికి గిల్లడం కాస్త తగ్గుతుంది కూడా, చెయ్యి ఎటు వెళుతోందో చూడడం అలవాటవుతుంది కాబట్టి.

హ్యాబిట్ రివర్సల్ అంటే ఏమిటి? ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు గోళ్లు కొరకడం, ముఖం అదరడం లాంటి అలవాట్ల కోసం తయారుచేసిన పద్ధతి ఇది. చర్మం గిల్లడానికి ఇచ్చే చికిత్సల్లో ఇప్పటికీ దీనిదే పెద్ద పీట.

ముందు, చెయ్యి లేచే తొలి కదలికను పట్టుకోవడం నేర్చుకుంటారు. గిల్లడం దాకా ఆగక్కర్లేదు. మోచెయ్యి బల్ల మీద ఆని వేళ్లు చెంప వైపు వస్తున్నప్పుడే "ఇదిగో" అనుకోవాలి. ఆ క్షణంలో గిల్లడానికి వీలుకాని ఇంకో పని చేతికి ఇవ్వాలి: పిడికిలి బిగించడం, అరచేతులు తొడల కింద పెట్టుకోవడం, పెన్ను గట్టిగా పట్టుకోవడం. ఒకటి నుంచి మూడు నిమిషాలు అలాగే ఉండాలి. నలుగురిలో ఉన్నా ఎవరూ గమనించని పని అయితే మంచిది. ఇక మూడోది, మీరు ప్రయత్నిస్తున్నారని తెలిసిన మనిషి ఒకరు. పిడికిలి బిగించినప్పుడు "బాగుంది" అనే మనిషి కావాలి, తప్పులు లెక్కపెట్టే మనిషి కాదు.

ఇంట్లో మొదలుపెట్టొచ్చు. కోరిక లేనప్పుడు కూడా రోజుకు కొన్నిసార్లు సాధన చేయండి, అసలు సమయానికి చెయ్యి దారి మరిచిపోకుండా. నెలన్నర రెండు నెలలు నిజాయితీగా చేసినా తేడా లేకపోతే థెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి.

చేతిలో ఏదైనా బొమ్మ పెట్టుకుంటే సరిపోతుందంటారు. నాకు పనిచేయలేదు.

మీ వేలికి కావాల్సింది ఆ బొమ్మ ఇవ్వకపోయి ఉండొచ్చు. పొర ఊడదీయడం ఇష్టపడే వేలికి మెత్తటి బంతి ఏం సరిపోతుంది? అరచేతికి తెల్ల జిగురు పూసి ఆరాక ఒలిచి చూడండి, స్టిక్కర్ల అంచులు లేపండి. నొక్కడం ఇష్టమైతే ప్యాకింగ్‌లో వచ్చే గాలి బుడగల షీటు. గరుకు వెతికే వేలికి జేబులో ఒక గరుకు రాయి. అది డ్రాయర్‌లో ఉంటే లాభం లేదు. మంచం పక్కన, కంప్యూటర్ దగ్గర, సోఫా చేతి మీద, ఎక్కడ గిల్లుతారో సరిగ్గా అక్కడే ఉండాలి.

గ్లవ్స్, ప్లాస్టర్, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం. ఇవి పిల్ల చేష్టల్లా లేవా?

లేవు. గిల్లాలన్న కోరికకూ గిల్లడానికీ మధ్య కొన్ని సెకన్లు దొరికితే అంతకన్నా ఏం కావాలి? రెండు మూడు రోజులకోసారి గోళ్లు కత్తిరించి, అంచులు అరగదీయండి. రాత్రి టీవీ చూసేటప్పుడు పల్చటి కాటన్ గ్లవ్స్. మొటిమల మీద హైడ్రోకొలాయిడ్ ప్యాచ్ (పుండు తడిని పీల్చుకునే మెత్తటి అంటు పట్టీ) అంటిస్తే పుండు మానుతుంది, వేలికి అంచూ దొరకదు. బొటనవేలికి, చూపుడువేలికి కొసల మీద పేపర్ టేపు చుట్టినా గరుకు తెలియదు. గోళ్ల పక్కన లేచిన తోలును పీకకుండా నెయిల్ కట్టర్‌తో మొదటికంటా కత్తిరించి, మందంగా వాజిలిన్ రాయండి.

అద్దం ముందు "ఒక్కటే" అనుకుని నిలబడితే గంట గడిచిపోతుంది. ఎలా బయటపడాలి?

అద్దానికి ఎంత దగ్గరగా నిలబడుతున్నారో గమనించారా? ముక్కు అద్దానికి బెత్తెడు దూరంలో ఉన్నప్పుడు ఎవరి చర్మమైనా లోపాల పుట్టలాగే ఉంటుంది. మన ముఖాన్ని అంత దగ్గరగా ఈ లోకంలో ఎవరూ చూడరు. అద్దానికి చేతి పొడవంత దూరంలో నేల మీద టేపు అంటించి, అది దాటకండి. పెద్దగా చూపించే గుండ్రటి అద్దం ఇంట్లోంచి తీసేయండి. బాత్‌రూమ్‌లో లైటు తగ్గించండి. లోపలికి వెళ్లేముందు ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టి, ఫోన్‌ను తలుపు బయట వదిలేయండి. మోత ఆపాలంటే బయటికి రావాల్సిందే. పట్టకారు, సూదులు ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేయండి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది తలుపు గడియ పెట్టకపోవడం.

కోరిక వచ్చినప్పుడు ఎంతసేపు ఓర్చుకోవాలి? గిల్లేదాకా అది పోదు కదా?

పోతుంది. గిల్లకపోతే అది పెరుగుతూనే ఉంటుందని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే ఎప్పుడూ చివరిదాకా చూడలేదు. గడియారం ముందు పెట్టుకుని చూడండి. అల లాగా లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, చాలాసార్లు కొద్ది నిమిషాల్లో దిగుతుంది. ఆ కాసేపూ దాంతో కుస్తీ పట్టకుండా, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి. నాకు బొటనవేలి కొసలో జివ్వుమనేది, దవడ బిగుసుకునేది. మొదటిసారి గిల్లకుండా ఆ జివ్వుమనడం ఆగిపోయినప్పుడు ఏడ్చేశాను.

## పుండ్లు, మచ్చల సంగతి

ఇప్పుడే గిల్లేశాను, రక్తం వస్తోంది. ఏం చేయాలి?

అద్దం ముందు నుంచి ముందు పక్కకు రండి. చేతులు కడుక్కోండి. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. మామూలు సబ్బు, నీళ్లతో కడిగి, తడి అద్ది, పల్చగా వాజిలిన్ రాసి ప్లాస్టర్ వేయండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మళ్లీ మళ్లీ పోయకండి, కొత్తగా వస్తున్న చర్మాన్ని అవి దెబ్బతీస్తాయి.

పుండును గాలికి ఆరనివ్వాలి కదా, మూసేస్తే చీము పట్టదా?

అది పాత నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి చూశాడు. ఆరబెట్టిన వాటికంటే తడి ఆరకుండా కప్పినవి త్వరగా మానాయి. గిల్లుకునేవాళ్లకు ఇంకో లాభం: తడిగా ఉన్న పుండుకు గట్టి పక్కు కట్టదు, పీకడానికి ఏమీ ఉండదు. శుభ్రంగా కడిగి, ప్లాస్టర్ రోజూ మారిస్తే చాలు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెంటనే వెళ్లాలి?

పుండు చుట్టూ ఎరుపు పెరుగుతూ పోతున్నా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, నొప్పి తగ్గాల్సింది పోయి ఎక్కువవుతున్నా, జ్వరం వచ్చినా, పుండు నుంచి ఎర్రటి చార పైకి పాకుతున్నా అదే రోజు వెళ్లండి. గోరుచుట్టు లేచి సలుపుతుంటే కూడా. ముక్కుకీ పెదవి మూలలకీ మధ్య ఉన్న చోట వాపు వచ్చి కన్నువైపు పాకితే అసలు ఆలస్యం చేయకూడదు. అక్కడి సిరలకు మెదడు దగ్గరి సిరలతో సంబంధం ఉంది. అలా జరగడం చాలా అరుదు. డాక్టర్ ఏమనుకుంటారో అన్న సిగ్గుతో ఆగిపోవద్దనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఈ మచ్చలు ఎప్పటికైనా పోతాయా?

లోతును బట్టి ఉంటుంది. పై పొర వరకే గాయమైతే గుంట పడదు. మిగిలే గోధుమరంగు, నల్ల మచ్చలు నిజానికి రంగు మాత్రమే. నెలల్లో, ఒక్కోసారి ఏడాదికి పైగా పట్టి, నెమ్మదిగా వెలుస్తాయి. ముదురు రంగు చర్మానికి ఇవి ఎక్కువ పడతాయి, ఎక్కువకాలం ఉంటాయి. ఎండ వాటిని ఇంకా ముదురుస్తుంది కాబట్టి పగలు ఎస్‌పీఎఫ్ 30 అంతకంటే ఎక్కువ సన్‌స్క్రీన్ రాయండి. లోపలి పొర దాకా గిల్లితే పడే గుంటలు, ఉబ్బు మచ్చలు వాటంతటవి పోవు. వాటికి స్కిన్ డాక్టర్ దగ్గర పద్ధతులున్నాయి, గిల్లడం బాగా తగ్గాకే వాటికి వెళ్లడం మంచిది. మచ్చలు పోగొట్టే ఘాటైన క్రీములు సొంతంగా మొదలుపెట్టకండి. చర్మం పొట్టు లేస్తే వేలికి మళ్లీ పని దొరుకుతుంది.

మొటిమలు వస్తూనే ఉంటే గిల్లకుండా ఎలా ఉంటాను?

ముందు మొటిమలకు సరైన వైద్యం చేయించండి. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి మందులు చాలామందికి పనిచేస్తాయి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొటిమను నొక్కినప్పుడు కొంత బయటికి వచ్చినా, మిగతాది లోపలికి పగిలి వాపు పెరుగుతుంది. అందుకే మర్నాడు రెండింతలై కనిపిస్తుంది. మొటిమలు లేకుండా ఒళ్లంతా దురదగా ఉంటే తామర, గజ్జి, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ సమస్యలు ఏమైనా ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి.

## డాక్టర్లు, థెరపీ, మందులు

స్కిన్ డాక్టర్ దగ్గరికా, సైకియాట్రిస్ట్ దగ్గరికా?

వీలైతే ఇద్దరి దగ్గరికీ. పుండ్లు, మొటిమలు, దురద స్కిన్ డాక్టర్ చూస్తారు. అలవాటును తగ్గించే థెరపీ సైకాలజిస్ట్ చేస్తారు, మందులు సైకియాట్రిస్ట్ రాస్తారు. థెరపిస్ట్‌ను ఎంచుకునేముందు ఒక్క ప్రశ్న అడగండి: "చర్మం గిల్లుకునేవాళ్లకు, జుట్టు పీక్కునేవాళ్లకు హ్యాబిట్ రివర్సల్ చేశారా?" చిన్ననాటి సంగతులు మాట్లాడడం మనసుకు తేలికే కానీ, చెయ్యి ఆగడానికి అదొక్కటే సాధారణంగా చాలదు.

డాక్టర్ "గిల్లడం మానెయ్" అని పంపించేశారు. ఇక ఎక్కడికి వెళ్లను?

నన్నూ ఒకరు అలాగే పంపించారు. ఆ మాటతో నాలుగేళ్లు ఇంకే డాక్టర్ ముఖం చూడలేదు. ఆ నాలుగేళ్లకు ఇప్పటికీ బాధపడతాను. మీరలా చేయకండి, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి: "రోజుకు ఇంతసేపు చర్మం గిల్లుకుంటున్నాను, ఇన్నేళ్లుగా ఆపలేకపోతున్నాను. ఇది ఎక్స్‌కోరియేషన్ డిజార్డరేమో చూడండి." మొదట్లో నేను చేసింది అదే.

దీనికి మాత్రలున్నాయా?

దీనికోసమే అని ప్రత్యేకంగా తయారైన మందు లేదు. వేరే జబ్బులకు వాడే కొన్నిటిని ప్రయత్నించి చూశారు. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే, కఫం కరిగించడానికి వాడే మందు మీద 2016లో 66 మందితో 12 వారాల పరీక్ష జరిగింది: అది వేసుకున్నవాళ్లలో నూటికి 47 మంది బాగా మెరుగయ్యారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 19 మంది. మతిమరుపు జబ్బుకు ఇచ్చే మెమంటీన్‌ను చర్మం గిల్లుకునేవాళ్లు, జుట్టు పీక్కునేవాళ్లు కలిపి 100 మందితో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు: 8 వారాలకు నూటికి సుమారు 60 మందికి మేలు జరిగింది, ఉత్తుత్తి మాత్రతో 8 మందికి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్ లాంటివి కొందరికి పనిచేశాయి, కొందరికి లేదు. దిగులు, ఆందోళన కూడా ఉంటే ఉపయోగపడొచ్చు.

ఇవన్నీ ఆశ కలిగించేవే, అయినా చిన్న పరీక్షలు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇప్పటికే వేరే మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దేన్నీ మొదలుపెట్టకూడదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ కొన్నిచోట్ల చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టే గట్టిగా చెబుతున్నాను.

## ఇంట్లోవాళ్లు, నలుగురు

మా పాప వేళ్లు రక్తం కారేదాకా గిల్లుకుంటోంది. ఎలా ఆపాలి?

"గిల్లొద్దు" అన్న మాట ముందు మీరు మానేయండి. ఆ మాట విన్న ప్రతిసారీ పాప గిల్లడం ఆపదు, మీ ఎదుట గిల్లడం ఆపుతుంది. చేతి మీద కొట్టడం, చేదు మందు పూసి శిక్షలా చేయడం, బంధువుల ముందు చెయ్యి పట్టుకుని చూపించడం అసలు వద్దు. "నీ వేళ్లు నొప్పిగా ఉన్నట్టున్నాయి, రా, క్రీము రాస్తాను" అని దగ్గర కూర్చోండి. రోజూ పడుకునేముందు ఐదు నిమిషాలు ఇద్దరూ కలిసి గోళ్లు చూసుకోవడం, వాజిలిన్ రాసుకోవడం ఒక పనిగా పెట్టుకోండి. ఎక్కువగా ఎప్పుడు చేస్తోందో గమనించండి: హోమ్‌వర్క్ అప్పుడా, స్కూల్ నుంచి వచ్చాకా? ఆ వేళకు చేతిలో నలపడానికి ఏదైనా ఇవ్వండి. గిల్లని వేలిని మెచ్చుకోండి. పుండ్లు మానకపోయినా, స్కూల్‌కి వెళ్లడానికి సిగ్గుపడుతున్నా పిల్లల సైకాలజిస్ట్‌కు చూపించండి.

మా ఆయనకి ఉంది. చూసినప్పుడల్లా "ఆపు" అంటాను, గొడవవుతుంది. ఏమనాలి?

ఏమనాలో ఆయన్నే అడగండి, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు. భుజం మీద చెయ్యి వేస్తే చాలనేవాళ్లున్నారు, ఒక మాట అనుకుని అదే పలకమనేవాళ్లున్నారు, ఏమీ అనొద్దనేవాళ్లూ ఉన్నారు. ఏది చెబితే అది పాటించండి.

"ముఖం మీద ఏమైంది?" అని అడిగితే ఏం చెప్పాలి?

నిజమంతా చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. "చర్మం సమస్య ఉంది, చూపించుకుంటున్నాను" అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. ఒక్క వాక్యం ముందే అనుకుని ఉంచుకుంటే ఆ క్షణంలో గుండె దడ తగ్గుతుంది. పూర్తిగా చెప్పడానికి మాత్రం ఒక్క మనిషినైనా ఎంచుకోండి.

## తగ్గి మళ్లీ మొదలైనప్పుడు

మూడు నెలలు ఆగాను, నిన్న రాత్రి ముఖమంతా గిల్లేశాను. మళ్లీ మొదటికొచ్చినట్టేనా?

లేదు. మూడు నెలల్లో మానిన చర్మం మానినట్టే ఉంది, నేర్చుకున్న మెలకువ ఎక్కడికీ పోలేదు. ఈ సమస్య సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇవాళ చేయాల్సింది రెండే: పుండ్లు కడిగి కప్పడం, నిన్న సాయంత్రం నుంచి ఏం జరిగిందో ఒక పేరా రాయడం. నిద్ర తప్పిందా? ప్లాస్టర్లు అయిపోయాయా? ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా? చాలాసార్లు ఒక చిన్న రక్షణ జారిపోయి ఉంటుంది, మనం గమనించి ఉండం.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది? నాకైతే ఏమీ తేడా కనబడట్లేదు.

అద్దాన్ని అడిగితే చెప్పదు, చర్మం మానడానికి వారాలు పడుతుంది. నిమిషాలు లెక్కపెట్టండి. వారానికి ఏడు గంటలు ఐదైతే అది గెలుపే. మొదలుపెట్టాక మధ్యలో ఆపగలిగిన సార్లు వేరే రాసుకోండి. నా విషయంలో ముందు మారింది ఆ అంకె. పుండ్లు తగ్గడం ఆ తర్వాత రెండు నెలలకు కనిపించింది.

అసలు ఇది పూర్తిగా పోతుందా?

కొందరికి పూర్తిగా పోతుంది. ఎక్కువమందికి జీవితాన్ని అడ్డుకోని స్థాయికి దిగి, కష్టకాలంలో అప్పుడప్పుడూ తొంగిచూస్తుంది. నా ముఖం మీద గిల్లిన పుండు లేక ఏళ్లు దాటింది. బొటనవేలి పక్కన తోలు మాత్రం ఇప్పటికీ చూపుడువేలిని పిలుస్తూనే ఉంటుంది. మొన్న ఫోన్‌లో ఒక చెడ్డ వార్త వింటుండగా గోరు దాని కిందికి దూరిపోయింది. పిడికిలి బిగించి మాట పూర్తిచేశాను. తర్వాత ఆ లేచిన తోలును కత్తిరించి, వాజిలిన్ రాసి, పేపర్ టేపు చుట్టుకున్నాను. సాయంత్రానికి టేపు కింద చర్మం నున్నగా ఉంది.